నంద్యాల సీటు ఎవరిది?



1991 నవంబరులో దేశం చూపంతా నంద్యాల మీద పడింది. ప్రధానమంత్రి పదవిలో ఉన్న పి.వి. నరసింహారావు గారు అక్కడి నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. అంతకు కొన్ని నెలల ముందే, అదే ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో నంద్యాల ప్రజలు గంగుల ప్రతాపరెడ్డి గారిని గెలిపించి ఢిల్లీ పంపించారు. ఆయన రాజీనామా చేసి ప్రధానికి దారి ఇచ్చారు. మీలో యాభై దాటినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మన తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న పొంగు ఊరూరా ఉన్న కాలం అది.

సభ్యుడు కన్నుమూస్తే వచ్చే ఉప ఎన్నిక విధి తెచ్చిపెట్టింది. దానికి ఎవరినీ తప్పుపట్టలేం. రాజీనామాతో వచ్చే ఉప ఎన్నిక అలాంటిది కాదు. అది ఒక మనిషి సంతకంతో వస్తుంది. లక్షలమంది ఎండలో నిలబడి, వరసలో జరిగి జరిగి, వేలికి సిరా పెట్టించుకుని ఒకరికి ఐదేళ్లకని ఇచ్చిన అధికారం ఆ ఒక్క సంతకంతో రద్దయిపోతుంది. మళ్లీ రమ్మంటారు, మళ్లీ వరసలో నిలబడమంటారు. అలా రెండోసారి పిలిచినప్పుడు ఓటరుకు ఏమడగాలి, ఏం చెప్పాలి అన్నదే ఈరోజు నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం. దీనికి నంద్యాలను మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. అయిదేళ్ల వ్యవధిలో ఆ ఒక్క నియోజకవర్గం రెండుసార్లు ఇదే పరిస్థితిని చూసింది.

ముందు ఆ ఉప ఎన్నిక ఎందుకు వచ్చిందో చెప్పుకుందాం. 1991 ఎన్నికల్లో పి.వి. గారు అసలు పోటీ చేయలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఢిల్లీలో సామాన్లు సర్దుకుని హైదరాబాదు వచ్చేద్దామనుకుంటున్న మనిషి. మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఎన్నికలు ముగిశాక కాంగ్రెస్ పెద్ద పార్టీగా నిలిచినా సొంత బలం చాలలేదు. అందరికీ ఆమోదమైన పెద్దమనిషి కావలసివచ్చి పి.వి. గారిని ఎన్నుకున్నారు. జూన్ 21న ప్రమాణం చేశారు. ఏ సభలోనూ సభ్యుడు కాని వ్యక్తి మంత్రిగా ఆరు నెలలకు మించి ఉండకూడదని రాజ్యాంగంలో 75వ అధికరణం చెబుతుంది. ప్రధానికీ అదే లెక్క. అంటే డిసెంబరు మూడో వారం దాటేలోగా ఆయన ఏదో ఒక సభలోకి రావాలి.

రాజ్యసభ దారి ఉంది. 1966లో ఇందిరా గాంధీ ప్రధాని అయినప్పుడు రాజ్యసభ సభ్యురాలే. ఆ తర్వాత దేవెగౌడ గారు, గుజ్రాల్ గారు, మన్మోహన్ సింగ్ గారు రాజ్యసభలో ఉండే దేశాన్ని నడిపారు. పి.వి. గారు లోక్‌సభనే ఎంచుకున్నారు. సొంత బలం చాలని ప్రభుత్వానికి నాయకుడు జనం ఓటుతో గెలిచి రావడం నిబ్బరాన్నిస్తుందనేది అర్థం చేసుకోదగ్గ ఆలోచన. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. జనం ముందుకు వెళ్లాలనుకున్న ప్రధానిని తప్పుపట్టడానికి లేదు. నాకున్న పేచీ, జనం ముందుకు వెళ్లాక జనాన్ని ఏమీ అడగకపోవడం మీద.

రాజీనామా ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. లోక్‌సభ నిబంధనల్లో 240వ నిబంధన ఉంది. సభ్యత్వం వదులుకోదలచినవారు తమ చేవ్రాలుతో స్పీకరుకు లేఖ రాయాలి. ఫలానా తేదీ నుంచి సభలో నా స్థానానికి రాజీనామా చేస్తున్నాను అన్నంతవరకే ఆ లేఖ. కారణం రాయకూడదు. ఎవరైనా కారణమో, మరో సంగతో జోడిస్తే, ఆ మాటలు తీసేసే అధికారం స్పీకరుకు ఉంది. తీసేసిన భాగం సభలో చదవరు. 1974లో వచ్చిన 33వ రాజ్యాంగ సవరణ ఇంకొక జాగ్రత్త చేర్చింది. ఆ రాజీనామా ఇష్టపూర్వకంగా చేసిందా, ఎవరైనా బలవంతపెట్టి రాయించుకున్నారా అని స్పీకరు తెలుసుకోవాలి. అనుమానం ఉంటే ఆమోదించనక్కరలేదు.

ఈ నిబంధన చదివిన ప్రతిసారీ నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇందులో సభ్యుడున్నాడు, స్పీకరున్నాడు, సభ ఉంది. ఆ సభ్యుణ్ణి పంపిన నియోజకవర్గం ప్రస్తావన ఎక్కడా లేదు. సభలో కారణం చెప్పవద్దన్నారంటే దానికో అర్థముంది. రాజీనామా పేరుతో సభలో రాజకీయ ఉపన్యాసాలు మొదలుకాకూడదు. బాగానే ఉంది. అయితే నియోజకవర్గానికి వచ్చి కారణం చెప్పవద్దని ఏ నిబంధనా అనలేదు. నన్ను మీరు పంపారు, ఇందుకోసం నేను తప్పుకుంటున్నాను, మీ అభ్యంతరమేమిటో చెప్పండి అని నాలుగు ఊళ్లు తిరిగి అడిగిన సభ్యులు మన దేశ చరిత్రలో ఎంతమంది?

ఇంటికి పెద్ద చుట్టం వస్తే మన మంచం ఖాళీ చేసి ఇస్తాం. అది మర్యాద. మంచం మనదైతేనే ఆ మర్యాద మర్యాద అవుతుంది. నంద్యాల సీటు నంద్యాల ఓటర్లది. ప్రతాపరెడ్డి గారి త్యాగమని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆయన వదులుకున్నది చిన్నదేమీ కాదు, నిజమే. కానీ ఆ త్యాగంలో పెద్ద భాగం ఓటర్లది. ఆ మాట అన్నవాళ్లు తక్కువ.

ఇక ఆ ఎన్నికలో ఎప్పటికీ చెప్పుకోవలసిన ఘట్టం నందమూరి తారక రామారావు గారిది. 1982లో ఆయన పార్టీ పెట్టిందే తెలుగువారి ఆత్మగౌరవం పేరు మీద, కాంగ్రెస్ ఢిల్లీ పెత్తనానికి ఎదురుగా. 1991 నాటికి ఆయన రాష్ట్రంలో ప్రతిపక్ష నాయకుడు, దేశంలో కాంగ్రెస్ వ్యతిరేక కూటమి నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో తెలుగుదేశం 13 సీట్లు గెలుచుకుంది. పోటీకి సత్తా లేక ఊరుకున్న పార్టీ కాదు. ఒక తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద మనం పోటీ పెట్టకూడదు అని అభ్యర్థిని నిలబెట్టలేదు. రాజకీయాల్లో అంతటి పెద్ద మనసు అరుదు. అప్పుడూ చేతులెత్తి దండం పెట్టాం, ఇప్పుడూ పెట్టవలసిందే.

ఆ ఘట్టంలో ఇంకో లోతు ఉంది. పి.వి. గారిది వంగర, అప్పటి కరీంనగర్ జిల్లా. 1957 నుంచి మంథని శాసనసభ్యుడు. రామారావు గారిది కృష్ణా జిల్లా నిమ్మకూరు. నంద్యాల రాయలసీమ గడ్డ. అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1972లో, తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకే ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఆంధ్రను వేరు రాష్ట్రం చేయాలంటూ జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. గారే. కోస్తాలోనూ సీమలోనూ ఆయన పేరెత్తితే కోపగించుకున్నవాళ్లు ఎందరో. భూసంస్కరణల మీద పెద్ద రైతుల కినుక దానికి తోడు. 1973 జనవరిలో ఆయన దిగిపోవలసివచ్చింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ మనిషికే సీమ ఓటర్లు 1991లో ఓట్ల వర్షం కురిపించారు. తెలంగాణ బిడ్డ, సీమ ఓటు, కోస్తా నాయకుడి ఔదార్యం, మూడూ ఒకచోట కలిసిన సందర్భం మన చరిత్రలో మళ్లీ రాలేదు. సొంత గడ్డ మీద 1984లో హన్మకొండలో జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయి, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లిన నాయకుడికి, తెలుగు నేల మీద మళ్లీ ఒక స్థానం దొరికిందంటే అది నంద్యాల పెట్టిన భిక్షే.

ఫలితం మీకు తెలుసు. పి.వి. గారికి 6,26,241 ఓట్లు. ఆయన మీద భారతీయ జనతా పార్టీ నుంచి నిలబడిన బంగారు లక్ష్మణ్ గారికి 45,944. తేడా 5,80,297. అప్పటికి దేశంలో ఎవరికీ రాని ఆధిక్యం. గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిందని పత్రికలు రాశాయి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది కనుక లక్ష్మణ్ గారికి అదీ దక్కలేదు. అయినా ఆ మనిషి నిలబడినందుకు నేను ఆయనను గౌరవంతో తలుచుకుంటాను. ఓడిపోతానని తెలిసీ, అంత పొంగుకు ఎదురుగా నామినేషన్ వేసి, బ్యాలెట్ కాగితం మీద ఇంకో చెప్పుకోదగ్గ గుర్తు ఉండేలా చేశాడు. దళిత కుటుంబం నుంచి వచ్చి, తర్వాతి కాలంలో తన పార్టీకి జాతీయ అధ్యక్షుడైన నాయకుడాయన. ఆయన రాజకీయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. వద్దు అని చెప్పదలచుకున్న 45 వేలమందికి ఆరోజు చోటు చూపించింది ఆయనే.

ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. ఆ నవంబరు నాటికి దేశంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. జూలై మొదటి వారంలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టారు. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. అదే సాయంత్రం మన్మోహన్ సింగ్ గారు తొలి బడ్జెట్ పెట్టారు. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధరలు నూటికి 40 చొప్పున పెంచారు. గోల గోల అయ్యాక ఆగస్టులో దాన్ని 30కి దించి, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు ఇస్తామన్నారు. స్వతంత్రం వచ్చాక దేశం నడుస్తున్న దారిని అంతగా మార్చిన ఏడాది మరొకటి లేదు. ఆ మార్పుకు నాయకత్వం వహించిన మనిషి స్వయంగా ఓటరు ముందుకు వచ్చిన మొట్టమొదటి సందర్భం నంద్యాల.

నంద్యాల ఎలాంటి చోటు? కె.సి. కెనాల్ కింద వరి పండే నేల. కాలువ అందని చోట నల్లరేగడిలో పత్తి, జొన్న, శనగ. ఖరీఫ్ నాట్ల సమయంలోనే యూరియా బస్తా ధర మీద పడింది. ఆ ఊళ్లల్లో ఏ రైతును కదిపినా ఎరువు కొట్టు దగ్గర ఆ ఏడాది లెక్క ఎలా తప్పిందో చెప్పి ఉండేవాడు. పురుగుమందు అప్పు, ఎరువు అప్పు పంట చేతికొచ్చాక కట్టవలసిన రైతుకు ఒక బస్తా మీద పెరిగిన ధర చిన్న సంగతి కాదు. దేశానికి ఆ చేదు మందు తప్పదని ప్రధాని నమ్మారు. నిజంగా తప్పనిదే అయి ఉండవచ్చు. ఖజానాలో విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు మించి లేని రోజులవి. అలాగైతే ఆ మాట నంద్యాల రైతుకు ఎదురుగా నిలబడి చెప్పవలసిన బాధ్యత ఉంది. ఎదుటి పార్టీ నుంచి బలమైన అభ్యర్థి ఉండి, ఎరువు ధర ఎందుకు పెంచావని సభల్లో నిలదీసి ఉంటే, ప్రధాని జవాబు చెప్పక తప్పేది కాదు. ఆ జవాబు దేశమంతా వినేది. బలమైన పోటీ లేనందున ఆ ప్రశ్న పుట్టలేదు. ఎన్నిక అభిమానం మీద నడిచింది, అభిమానంతోనే ముగిసింది.

అభిమానం తప్పని నేననను. మనవాడు అన్న మమకారం మనిషికి సహజం. రామారావు గారి ఔదార్యానికి దండం పెట్టిన చేతులతోనే ఈ మాటా అంటున్నాను. ఒక నాయకుడు ఇంకో నాయకుడికి చేసిన మర్యాద అది. ఆ మర్యాద ఖర్చు ఓటరు పద్దులో పడింది. ప్రధానిని ఎన్నుకునే అదృష్టం దేశంలో ఒక్క నియోజకవర్గానికే దక్కుతుంది. ఆ అదృష్టం దక్కిన నంద్యాల ఓటరు, ప్రధానిని నిలదీసే అవకాశం మాత్రం పోగొట్టుకున్నాడు.

పెద్ద నాయకుడికోసం సీటు ఖాళీ చేయించినా గట్టి పోటీ ఉండవచ్చనడానికి మన పక్కనే కర్ణాటకలో దాఖలా ఉంది. 1978లో చిక్కమగళూరు సభ్యుడు చంద్రేగౌడ గారు రాజీనామా చేసి ఇందిరా గాంధీకి దారి ఇచ్చారు. ఆమె ఏడాది ముందు రాయ్‌బరేలీలో ఓడిపోయి ఉన్నారు. జనతా పార్టీ ఆమె మీద వీరేంద్ర పాటిల్ గారిని, ఒక మాజీ ముఖ్యమంత్రిని, నిలబెట్టింది. జార్జి ఫెర్నాండెజ్ వంటివాళ్లు అక్కడే మకాం వేసి ప్రచారం చేశారు. ఎమర్జెన్సీలో ఏం జరిగిందో కాఫీ తోటల్లో పనిచేసే కూలీల దాకా చర్చకు వచ్చింది. ఆమె గెలిచారు. ఆ గెలుపుకు విలువ ఎందుకొచ్చిందంటే, ఓడిపోయే వీలు కూడా ఉన్న ఎన్నిక కనుక.

మళ్లీ నంద్యాలకు వద్దాం. 1996 సార్వత్రిక ఎన్నికల్లో పి.వి. గారు రెండుచోట్ల నిలబడ్డారు. ఒకటి నంద్యాల, ఇంకొకటి ఒడిశాలోని బరంపురం. ఈసారి తెలుగుదేశం ఊరుకోలేదు, భూమా నాగిరెడ్డి గారిని పోటీకి దింపింది. ప్రధాని గెలిచారు గాని, అయిదు లక్షల ఎనభై వేల ఆధిక్యం లక్షలోపుకు పడిపోయింది. రెండుచోట్లా గెలిచినవారు ఒకటే ఉంచుకోవాలి. ఆయన బరంపురం ఉంచుకుని నంద్యాలను వదులుకున్నారు.

దేశంలోనే పెద్ద ఆధిక్యం ఇచ్చిన సీటు, కష్టకాలంలో ఆదుకున్న సీటు, మళ్లీ పోటీ పెట్టినా గెలిపించిన సీటు. అటువంటి సీటును వదిలేశారు. దానికి రాజకీయ కారణాలు ఏవైనా ఉండవచ్చు. నంద్యాల ఓటరుకు మాత్రం అది మనసుకు తగిలే దెబ్బే. అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో ఆ ఓటర్లు, కొద్ది నెలల ముందు తాము ఓడించిన భూమా నాగిరెడ్డి గారినే గెలిపించి పంపారు. ఆయన 1998లోనూ, 1999లోనూ అక్కడి నుంచే గెలిచారు. దీన్ని పార్టీల బలాబలాల లెక్కతో వివరించవచ్చు. నేను మాత్రం దీన్ని నంద్యాల ఓటరు ఇచ్చిన జవాబుగానే చదువుకుంటాను.

నిజానికి నంద్యాలకు ఈ అనుభవం అంతకుముందే ఒకసారి ఎదురైంది. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థిగా గెలిచింది నీలం సంజీవరెడ్డి గారు. ఆయన స్పీకరయ్యారు, జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. సీటు ఖాళీ అయింది. రాష్ట్రమంతా ఒకవైపు వెళ్తుంటే ఎదురీదిన ఆ ఓటర్లకు తాము ఎన్నుకున్న సభ్యుడు నాలుగు నెలలు కూడా మిగలలేదు. గొప్పవారిని ఎన్నుకోవడంలో ఉన్న చిక్కు ఇది. వారు అంతకంటే గొప్ప చోటికి వెళ్లిపోతారు.

ఒకటికి మించిన చోట్ల పోటీ చేసి ఒకటే ఉంచుకునే అలవాటు ఒక పార్టీకో ఒక నాయకుడికో పరిమితం కాదు. 1985లో రామారావు గారు గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడుచోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1980లో ఇందిరా గాంధీ రాయ్‌బరేలీ వదులుకుని మన మెదక్ ఉంచుకున్నారు. 2024లో రాహుల్ గాంధీ రాయ్‌బరేలీ ఉంచుకుని వయనాడ్ వదులుకుంటే, అక్కడ ఉప ఎన్నికలో ప్రియాంకా గాంధీ గెలిచారు. 1996లో చట్టం మార్చి రెండుచోట్లకు మించి నిలబడకూడదన్నారు. ఒకరికి ఒకటే సీటు ఉండాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. ఎన్నికల సంఘం కూడా అదే కోరింది. అది ఇంకా చట్టం కాలేదు. ఉప ఎన్నికకయ్యే ఖర్చు ఖాళీ చేసినవారి నుంచి రాబట్టాలన్న సూచన కూడా ఉంది. నాకు అది అంతగా రుచించదు. డబ్బున్నవాళ్లకు అది శిక్ష కాదు, పైగా ఓటరుకు చెప్పవలసిన సంజాయిషీకి వెల కట్టినట్టు అవుతుంది.

రాజీనామాలో ఇంకో రకం ఉంది. దాని గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. నేను నమ్మిన మాటకోసం సీటు వదులుతున్నాను, నా మాట సరైనదైతే మళ్లీ గెలిపించండి అని అడిగే రకం. 2006లో కరీంనగర్ ఎంపీ కె. చంద్రశేఖరరావు గారు తెలంగాణ కోసం రాజీనామా చేసి అక్కడే మళ్లీ నిలబడ్డారు. ఆధిక్యం రెండు లక్షలు దాటింది. ప్రత్యేక రాష్ట్రం మీద అది ఒక జిల్లా ఇచ్చిన తీర్పు అని దేశం తెలుసుకుంది. 2008లో ఆయన పార్టీ మళ్లీ అదే బాట పట్టింది. నలుగురు ఎంపీలు, 16 మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. ఈసారి లోక్‌సభలో రెండు, శాసనసభలో ఏడు మాత్రమే తిరిగి దక్కాయి. కరీంనగర్‌లో ఆధిక్యం పదిహేను వేల చిల్లరకు దిగింది. తెలంగాణ కావాలా వద్దా అన్నదానిలో ఆ ఓటరు మనసు రెండేళ్లలో మారిందని నేననుకోను. ఎన్నిసార్లు అడుగుతారు అన్నదే ఆ ఓటరు మాట. ఆ మాట నాయకుడి చెవికి చేరింది కూడా.

కడప సంగతి ఇంకా దగ్గరిది. 2010 నవంబరులో వై.ఎస్. జగన్మోహన రెడ్డి గారు కాంగ్రెస్‌కూ, కడప లోక్‌సభ సీటుకూ రాజీనామా చేశారు. 2011 మేలో కొత్త పార్టీ తరఫున అక్కడే నిలబడ్డారు. ఎదురుగా రాష్ట్ర మంత్రి డి.ఎల్. రవీంద్రారెడ్డి గారు, తెలుగుదేశం నుంచి మైసూరా రెడ్డి గారు. ఇద్దరూ ఊరూపేరూ ఉన్న అభ్యర్థులే. ప్రభుత్వం మొత్తం అక్కడే తిష్ఠ వేసింది. జగన్ గారి ఆధిక్యం 5 లక్షల 45 వేలు దాటింది. నంద్యాల అంకెకు దగ్గరగా ఉన్నా ఈ అంకె బరువు వేరు. పార్టీ మారినవాడు పాత పార్టీ ఇచ్చిన సీటును జేబులో పెట్టుకుని తిరగకుండా ఓటరు దగ్గరికి వచ్చి మళ్లీ అడిగాడు. ఎదుటివాళ్లు పూర్తి బలంతో పోరాడారు. కడప ఓటరు అన్నీ విని తీర్పు చెప్పాడు. జగన్ గారి రాజకీయాలతో మీకు పొత్తు ఉన్నా లేకపోయినా, పార్టీ మారినవారు పాటించవలసిన పద్ధతి ఇదేనని నా గట్టి నమ్మకం. రాజీనామా చేయకుండా కండువాలు మార్చేవాళ్లను మనం రెండు రాష్ట్రాల్లోనూ కళ్లారా చూస్తున్నాం కదా.

చివరిగా 2018 చెప్పాలి. ప్రత్యేక హోదా కోసం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అయిదుగురు లోక్‌సభ సభ్యులు ఏప్రిల్‌లో రాజీనామా లేఖలు ఇచ్చారు. కడప, రాజంపేట, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు. ఆమోదం జూన్‌లో వచ్చింది. సీటు ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలని 1996 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151-ఎ సెక్షను ఉంది. కానీ సభ గడువు ఏడాదిలోపే మిగిలి ఉంటే అక్కరలేదని అదే సెక్షను చెబుతుంది. లేఖలు ఇచ్చిన నాటికి ఏడాదికి పైగా గడువుంది. ఆమోదం వచ్చే నాటికి లేదు. కనుక ఎన్నిక రాలేదు.

ఇక్కడ నాకు ఊపిరాడదు. హోదా కావాలన్న డిమాండు మీద ఆ అయిదుచోట్ల ఓటర్లు తీర్పు చెప్పే వీలుండేది. అది పోయింది. పోనీ, సభలో వారి తరఫున మాట్లాడే సభ్యుడైనా ఉన్నాడా అంటే అదీ లేదు. నెల్లూరు రైతు, ఒంగోలు పొగాకు రైతు, తిరుపతి విద్యార్థి తమ గోడు ఢిల్లీలో వినిపించడానికి ప్రశ్నోత్తరాల సమయంలో లేచి నిలబడే మనిషి లేక, తర్వాతి ఎన్నికల దాకా ఎదురుచూశారు. రాజీనామా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆమోదం ఆలస్యానికి కారణాలూ ఉండవచ్చు. రాజీనామా నిజమైనదో కాదో స్పీకరు తెలుసుకోవాలన్న నియమం సబబైనదే. దానికి ఇంత గడువు అని ఒక హద్దు మాత్రం ఉండాలి. పదిహేను రోజులు చాలు. సభ్యుణ్ణి పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి అడగడానికి అంతకంటే ఎందుకు? ఏడాది లెక్క కూడా లేఖ ఇచ్చిన తేదీ నుంచి మొదలవ్వాలి, ఆమోదం తేదీ నుంచి కాదు. ఈ రెండు మార్పులకు రాజ్యాంగాన్ని తిరగరాయనక్కరలేదు, పార్లమెంటు తలుచుకుంటే ఒక్క సమావేశం చాలు.

మీ నియోజకవర్గంలో రేపో మాపో రాజీనామాతో ఒక ఉప ఎన్నిక రావచ్చు. జెండాలు కట్టిన కార్లు వస్తాయి, పెద్ద పెద్ద నాయకులు మీ వీధిలో నడుస్తారు, మామూలు రోజుల్లో కదలని రోడ్డు పని రాత్రికి రాత్రి కదులుతుంది. వచ్చిన అభ్యర్థులను, ఏ పార్టీవారైనా సరే, ముందుగా ఒక్కమాట అడగండి. పోయినసారి మేము పంపిన మనిషి ఎందుకు వెళ్లిపోయాడు? ఆ మాటకు సూటిగా జవాబు చెప్పాకే ఓటు సంగతి మాట్లాడమనండి.